అప్‌డేట్: ఓజర్డెక్స్ వేశాక అమ్మ కంట్లో తేలుతున్న నల్ల పుల్ల

షుగర్ వల్ల రెటీనాలో (కంటి వెనక పొరలో) నీరు చేరి అమ్మకు ఓజర్డెక్స్ (కంటి లోపల పెట్టే మందు ఇంప్లాంట్) వేయించాక, చూపులో నల్ల పుల్లలాంటిది కదులుతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

రెటీనా ఊడలేదు. డాక్టర్ చుక్కలేసి లోపల చూసి, అది ఆ ఇంప్లాంటేనన్నారు. 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉన్న సన్న కడ్డీ. నెలల తరబడి మందు వదులుతూ దానంతటదే కరిగిపోతుంది, తీయక్కర్లేదు.

అసలు పనికొచ్చింది ‘కంటి ప్రెషర్ చూపించండి’ అన్నవాళ్ల మాట. 28 ఉంది, ఎక్కువే! నొప్పీ లేదు, ఎరుపూ లేదు, చూపించకపోతే తెలిసేదే కాదు. స్టెరాయిడ్‌తో అలా పెరుగుతుందట. టిమోలాల్ చుక్కలతో 17కి దిగింది (ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి).

మెరుపులు గానీ, తెర పడ్డట్టు గానీ ఉంటే మాత్రం ఆగకుండా వెళ్లండి.