అమ్మ జీవిత చరిత్రలో ఆ ఆరేళ్లు రాయాలా, వద్దా?

మెదక్ ఆడబిడ్డ:
అందరికీ వందనాలు. మా అమ్మ మూడు వారాల క్రితం ప్రభువు పిలుపు అందుకుంది. నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం, అందులో చదవడానికి అమ్మ జీవిత చరిత్ర రాసే పని నాకు అప్పజెప్పారు. నాలుగు రోజుల నుంచి రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

మాది మెదక్ దగ్గర పల్లె. మా అమ్మమ్మ చిన్నప్పుడు మెదక్ చర్చి కడుతుంటే మట్టి తట్టలు మోసిందట. కరువులో జనానికి కూలీ, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొరగారు చేయించిన పని అది, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ జరిగింది. అమ్మ ఏటా క్రిస్మస్‌కి మమ్మల్ని అక్కడికి తీసుకుపోయి, గంట గోపురం చూపించి "మా అమ్మ తట్టలు ఇక్కడే మోసింది" అని చెప్పేది.

అమ్మ బడికి పోలేదు. పెళ్లయ్యాక స్త్రీల కూడికలో బైబిల్ మీద వేలు పెట్టి చదువుతూ అక్షరాలు నేర్చుకుంది. ఐదుగురు పిల్లలు, నాట్లకీ కలుపుకీ కూలీకి పోవడం, పొద్దున నాలుగింటికి లేచి మా అందరి పేర్లూ వరసగా చెప్పి ప్రార్థన చేసి అప్పుడు పొయ్యి రాజేయడం. అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి వేరే సంచిలో పోసేది, ఇంట్లో మాకు చాలినా చాలకపోయినా. ఆదివారం ఆ సంచి చర్చికి పోయేది. కీర్తనల పుస్తకంలో ఏ పాట ఎన్నో నంబరో చూడకుండా చెప్పేది.

ఇప్పుడు అసలు సంగతి. మా అన్నయ్య "డెబ్బై ఏళ్లలో ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పలేదు" అని రాయమంటున్నాడు. అది నిజం కాదు. నా తర్వాత పుట్టిన తమ్ముడు ఆరేళ్ల వయసులో జ్వరంతో చనిపోయాడు. భూస్థాపన దగ్గర సంఘ పెద్ద ఒకాయన అందరి ముందు, తల్లి విశ్వాసం తక్కువై బిడ్డ పోయాడు అన్నాడు. అమ్మ ఆ రోజు నుంచి ఆరేళ్లు చర్చి గడప తొక్కలేదు. మమ్మల్ని మాత్రం తలలు దువ్వి పంపేది. తర్వాత ఒక రోజు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది, ఎందుకో మాకెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇది రాయాలా? ఇంకోటి, అమ్మ పుట్టిన సంవత్సరం కూడా సరిగ్గా తెలియదు. ఆధార్‌లో 1940 జనవరి 1 అని ఉంది.

గుంటూరు మనవరాలు:
అక్కా, ముందు మీ కుటుంబానికి ఆదరణ కలగాలని ప్రార్థిస్తున్నాను. మా అమ్మమ్మ లూథరన్ సంఘంలో బైబిల్ స్త్రీగా, అంటే ఆడవాళ్లకి బైబిల్ చెప్పే పనిలో ఉండేది, ఎండనక వాననక పల్లెలు తిరిగింది. ఆమె పోయినప్పుడు జీవిత చరిత్ర సంఘంలో ఎవరో రాసిచ్చారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు రావడం దగ్గర మొదలుపెట్టి ఒక పేజీ మిషన్ చరిత్రే ఉంది, మా అమ్మమ్మ గురించి నాలుగు వాక్యాలు. భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, ఆదర్శ మాతృమూర్తి. పేరు తీసేసి ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. ఆమె కాళ్లకి చెప్పుల్లేకుండా నడిచి నడిచి మడమలు పగిలిపోయి రాత్రి ఆముదం రాసుకునేదని అందులో లేదు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీరు పైన రాసినదాంట్లో గుప్పెడు బియ్యం, నాలుగింటికి మీ పేర్లు చెప్పడం ఉన్నాయి కదా, అవే రాయండి. విశేషణాలు తగ్గించండి. ఆరేళ్ల సంగతి కూడా రాయమనే నేను చెప్తాను, ఎందుకంటే అంత దెబ్బ తిని కూడా తిరిగొచ్చిన మనిషిని, ఎప్పుడూ తప్పని మనిషి అంటే ఆమె పడ్డదంతా తుడిచేసినట్టు అవుతుంది.

పాత రికార్డులు:
పుట్టిన సంవత్సరం గురించి చెప్తాను. ఆ తరంలో చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది, అది అంచనాకి వేసిన తేదీ. మీ అమ్మగారు పోలీసు యాక్షన్ గురించి ఏమైనా చెప్పేవారా? అదే, నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చింది, 1948 సెప్టెంబర్. అప్పుడు ఎంత పిల్ల, పెళ్లి అయిందా, ఎవరిని ఎత్తుకుంది, ఇలాంటివి గుర్తు చేసుకుంటే వయసు దగ్గరగా తేలుతుంది.

గట్టి ఆధారం మాత్రం బాప్తిస్మం రిజిస్టరు. మీ వైపు సంఘాల్లో పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చేవారు కాబట్టి పుట్టిన కొద్ది నెలల్లోనే పేరు ఎక్కి ఉంటుంది. పల్లె చర్చిలో దొరక్కపోతే పాస్టరేటు ఆఫీసులో (చుట్టుపక్కల పల్లె చర్చిలన్నిటికీ కలిపి ఉండేది) అడగండి, రిజిస్టర్లు ఎక్కువగా అక్కడ పెడతారు. ఇంకో మాట, ఇప్పుడు మీ చర్చిలు ఉన్న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న, మద్రాసులో. మీ అమ్మగారు పుట్టినప్పటికి అక్కడ ఉన్నది మెథడిస్టు మిషన్. సి.ఎస్.ఐ. రిజిస్టరు కావాలంటే 1947 తర్వాతవి చూపించి లేదని పంపేస్తారు, మిషన్ కాలం నాటివి కావాలని గట్టిగా అడగండి. అమ్మగారి బైబిల్ ముందు, వెనక ఖాళీ పేజీలు కూడా చూడండి, పిల్లల పుట్టుకలు, చావులు అక్కడ రాసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది.

పెద్దన్నయ్య:
నేను వేరేగా అనుకుంటున్నాను సిస్టర్, ఏమీ అనుకోవద్దు. ఆ కూడికకి వచ్చేవాళ్లు ఆదరణ కోసం వస్తారు. అమ్మ బతికినంత కాలం నోరు తెరిచి చెప్పని విషయాన్ని ఆమె పోయిన నలభై రోజులకి మైకులో చదవడం నాకు సరి అనిపించడం లేదు. అది ఆమె గుండెలో దాచుకున్న గాయం. మీ అన్నగారు అబద్ధం రాయమన్నారని నేను అనను, తల్లిని కాపాడుకుంటున్నారు. "ఒక్క ఆదివారం తప్పలేదు" అనేది తీసేయండి, ఆ ఆరేళ్లు కూడా వదిలేయండి. అబద్ధమూ ఉండదు, గాయమూ బయటపడదు.

రిటైర్డ్ అయ్యగారు:
అమ్మా, నలభై ఏళ్లు సంఘ సేవ చేశాను, ఇలాంటివి ఎన్ని విన్నానో లెక్కలేదు. ఏడు నిమిషాలు దాటనివ్వకు. కొడుకులు, కోడళ్లు, మనవలు, మునిమనవలు అందరి పేర్లూ చదివేసరికే సగం సమయం పోతుంది, అవి ముద్రించిన కార్డులో పెట్టుకోండి.

పెద్దన్నయ్య గారి మాటలో ప్రేమ ఉంది, అయినా నేను రాయమనే అంటాను. మన బైబిల్లో 88వ కీర్తన ఉంది, మొదటి నుంచి చివరి దాకా ఏడుపే, చివర్లో కూడా చీకటే, ఒక్క స్తుతి మాటతో ముగియదు. అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు. ఆ రోజు భూస్థాపన దగ్గర ఆ మాట అన్నవాడు తప్పు చేశాడు, అక్కడ నిలబడి ఖండించని కాపరి ఇంకా పెద్ద తప్పు చేశాడు. నేను కూడా అలాంటి చోట్ల ఊరుకున్న రోజులు ఉన్నాయి, అవి నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వవు. ఆ కూడికలో బిడ్డను పోగొట్టుకుని మీ అమ్మలాగే ఇంట్లో కూర్చున్న తల్లి ఒకరైనా ఉంటుంది. ఆమె వినాలి.

ఆ మాట అన్న పెద్దాయన పేరు మాత్రం రాయకు. ఆయన పిల్లలు, మనవలు అదే చాపల మీద కూర్చుని ఉంటారు. "సమాధి దగ్గర విన్న ఒక మాట" అంటే చాలు. అది కూడా మీ అన్నకి ముందు చదివి వినిపించు, మైకులో మొదటిసారి విననివ్వకు.

మెదక్ ఆడబిడ్డ:
అందరికీ చాలా థాంక్స్. మొన్న పాస్టరేటు ఆఫీసుకి పోయాను, రెండు గంటలు వెతికితే పాత మిషన్ రిజిస్టరులో దొరికింది. 1935 అక్టోబర్‌లో బాప్తిస్మం. అంటే పోలీసు యాక్షన్ నాటికి అమ్మకి పదమూడేళ్లు. చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని జొన్నచేలో దాక్కున్నానని చెప్పేది, ఆ మరుసటి ఏడే పెళ్లి. అన్నీ సరిపోయాయి.

పెద్దన్నయ్య గారూ, మీ మాట రెండు రోజులు మనసులో తిరిగింది. అందుకే అమ్మతో కలిసి నాట్లకి పోయిన పక్కింటి పెద్దమ్మని అడుగుదామని వెళ్లాను, ఆమెకి ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఆ ఆరేళ్లూ గుప్పెడు బియ్యం ఆగలేదట. శనివారం చీకటి పడ్డాక అమ్మ ఆ సంచి తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టేదట, "నీ పేరు మీదే ఇయ్యి, నా పేరు ఎత్తకు" అని. మేం పిల్లలం ఆమె పక్కనే నడిచి చర్చికి పోయేవాళ్లం, ఆ సంచి మా ఇంటిదని మాకు తెలియదు.

మళ్లీ ఎందుకు వెళ్లిందో కూడా ఆమే చెప్పింది. ఒక వానాకాలం పెద్దమ్మకి నడుం పట్టేసి లేవలేకపోయింది. ఆదివారం పొద్దున అమ్మ వచ్చి చూస్తే సంచి పెట్టిన చోటే ఉంది. తీసుకుపోయేవాళ్లు లేరని తనే నెత్తిన పెట్టుకుని ఆ వానలో బయల్దేరింది. చర్చిలో ఆడవాళ్ల చాప మీద చివరన కూర్చుందట, ఎవరూ ఏమీ అడగలేదట.

ఇది రాయొచ్చా అని పెద్దమ్మనే అడిగాను. "ఇన్నేళ్లు నా పేరు మీద ఉన్నయి ఆమె బియ్యం, ఇప్పుడన్నా చెప్పు బిడ్డా" అంది.

నిన్న రాత్రి అన్నయ్యకి ఫోన్‌లో మొత్తం చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ బియ్యం భాగం తను చదువుతానన్నాడు, మిగతాది నేను చదువుతాను. పెద్దమ్మని కారులో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టాలి, ఆమె కింద కూర్చోలేదు, కుర్చీ వేయించమని చర్చివాళ్లకి చెప్పాను.