రెండు పెట్ స్కాన్‌లు ఒకేసారి తీయలేరా?

ఖమ్మం_వాసు:
మా నాన్నకి చిన్నపేగులో న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, అంటే హార్మోన్లు చేసే కణాల్లో పుట్టే గడ్డ. సోమవారం గాలియం డోటాటేట్ అనే మందుతో పెట్ స్కాన్, బుధవారం ఎఫ్‌డీజీ అనే చక్కెర లాంటి మందుతో ఇంకోటి. సూదితో ఎక్కించిన రేడియోధార్మిక మందు ఒంట్లో ఎక్కడ చేరిందో చూస్తారట. రెండుసార్లూ తెల్లారుజామున మూడింటికి ఖమ్మంలో బయల్దేరి హైదరాబాద్. రెండోసారి పరగడుపున ఉండాలన్నారు. అసలే షుగర్ మనిషి, సూర్యాపేట దాటేసరికి చేతులు వణుకుతున్నాయి. "ఆ రెండు సూదులూ ఒక్కరోజే పొడిచి ఒక్కసారే తీయొచ్చు కదరా" అన్నారు. కౌంటర్‌లో అడిగితే "ప్రోటోకాల్ సర్" అన్నారు, అంతే. మందులు వేరైనప్పుడు ఒకదాన్ని ఎర్రగా, ఇంకోదాన్ని పచ్చగా చూపించలేదా ఆ మెషిన్?

పెట్‌సీటీ_టెక్:
వాసు అన్నా, పదకొండేళ్లుగా ఆ మెషిన్ దగ్గరే నా డ్యూటీ. మెషిన్‌కి మందు కనపడదు. గాలియం-68 అయినా, ఎఫ్‌డీజీలోని ఫ్లోరిన్-18 అయినా వదిలేది పాజిట్రాన్‌నే, అంటే ప్లస్ చార్జ్ ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణాన్ని. అది పక్కనే ఉన్న ఎలక్ట్రాన్‌తో కలిసి రెండూ మాయమై, ఎదురెదురు దిక్కులకి రెండు గామా కిరణాలు పోతాయి. ఏ మందు నుంచి వచ్చినా ఒక్కో కిరణం శక్తి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. ఒకే రింగ్‌టోన్ పెట్టుకున్న రెండు ఫోన్లు అనుకోండి, మోగింది ఏదో ఎలా చెప్తాం? గామా కిరణాల్ని జంటగా కాకుండా ఒక్కొక్కటిగా పట్టే పాత గామా కెమెరాలో ఈ తంటా తక్కువ. అందులో వాడే టెక్నీషియం 140 దగ్గర, అయోడిన్-123 అయితే 159 దగ్గర మోగుతాయి కాబట్టి రెండూ ఒకేసారి తీయగలం.

ఇంకో మాట. మీ నాన్నగారికి రెండు స్కాన్‌లు రాసిందే తేడా చూడటానికి. డోటాటేట్ పట్టిన గడ్డలు లుటీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కించి చేసే వైద్యానికి పనికొస్తాయి. అది పట్టకుండా ఎఫ్‌డీజీ మాత్రమే పట్టినవి మొండివి, వాటి దారి వేరు. రెండు మందులూ కలిపేస్తే గడ్డ వెలుగుతుంది గానీ దేనికి వెలిగిందో తెలీదు. డాక్టరుకి కావాల్సిందే పోతుంది.

మంగళవారం ఖాళీగా పోయిందంటే మాత్రం అది ఫిజిక్స్ కాదు, స్లాట్ల గొడవే. గాలియం సగం అవ్వడానికి 68 నిమిషాలే. పొద్దున వేసింది రాత్రికి దాదాపు ఉండదు.

గామా_గిరి:
టెక్ గారు చెప్పింది నిజమే, కానీ రింగ్‌టోన్ వేరుగా ఉన్న ఐసోటోపులూ (గాలియం-68, ఫ్లోరిన్-18 లాంటివి) ఉన్నాయి. స్కాండియం-44 పాజిట్రాన్‌తో పాటే 1157 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మూడో గామా కూడా వదులుతుంది. రెండు 511లతో పాటు ఆ మూడోది కూడా తగిలితే స్కాండియం అని పట్టేయొచ్చు. ఎలుకల్లో రెండు ట్రేసర్లని, అంటే స్కాన్ మందుల్ని, ఇలా మూడో గామాతో విడదీసి చూపించిన పని 2023లో అచ్చయింది. న్యూయార్క్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ వాళ్లూ మాడ్రిడ్ కంప్లుటెన్సే యూనివర్సిటీ వాళ్లూ కలిసి చేశారు.

చిక్కేంటంటే, మూడు కిరణాలూ ఒకేసారి తగలడం అరుదు, అందుకే ఆ బొమ్మ గరుకుగా వస్తుంది. మామూలు స్కానర్ 511కి అటూ ఇటూ కొంత మేరే వింటుంది, 1157ని బయటికి తోసేస్తుంది. అయోడిన్-124ది ఇంకో తిక్క. దాని మూడో గామా 603, సరిగ్గా ఆ మేరలోనే పడి లెక్క పాడు చేస్తుంది.

ఖమ్మం_వాసు:
మరి గాలియంకి ఆ మూడోది లేదా?

గామా_గిరి:
ఉంది, 1077 దగ్గర. కానీ వందలో మూడుసార్లే. ఫ్లోరిన్‌కైతే అసలు లేదు. మీ నాన్నగారి జోడీకి ఇది అక్కరకు రాదండీ. సగం అయ్యే టైములు 68, 110 నిమిషాలు కాబట్టి, మందులు కొంత తేడాతో ఎక్కించి, తగ్గే తీరుని బట్టి లెక్కగట్టి విడదీసే పద్ధతి ఉంది. అందుకు చాలాసేపు కదలకుండా పడుకోబెట్టాలి.

పెట్‌సీటీ_టెక్:
చాలాసేపు కదలకుండానా! ఇరవై నిమిషాలకే "బాబూ, నడుం" అంటారు మా పేషెంట్లు.

ఖమ్మం_వాసు:
రింగ్‌టోన్ మాట నాన్నకి చెప్పా. "అయితే ఒకదానికి మార్చమను" అన్నారు. ఆ మూడో గామా పద్ధతి సంగతి చెప్తే ఎప్పుడొస్తుంది అని అడిగారు, ఎలుకల దాకా వచ్చిందన్నా. ఈసారి వరసగా రెండు రోజులకి స్లాట్ అడుగుతా. రాత్రి మెహిదీపట్నంలో మేనత్త ఇంట్లో పడుకుంటే మళ్లీ మూడింటి ప్రయాణం ఉండదు.