స్పెక్ట్రమ్ తెర మీద నా బొమ్మ చెల్లాచెదురు అవుతోంది: అడ్రసుల అమరిక ఇలా ఎందుకుంది?

ప్రశ్న

48కె జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ (1980ల నాటి ఇంటి కంప్యూటరు) కోసం, దాని ప్రాసెసర్ అయిన జెడ్80 అసెంబ్లీలో నేను రాస్తున్న మొదటి ప్రోగ్రాము ఇది. 8 పిక్సెళ్ల వెడల్పు, 16 గీతల ఎత్తు ఉన్న చిన్న బొమ్మను తెర పైఅంచున వేయాలనుకున్నాను. తెర వెడల్పు 256 పిక్సెళ్లు కాబట్టి గీతకు 32 బైట్లు పడతాయని లెక్కవేసి, 16384వ అడ్రసు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో బైటు రాశాక అడ్రసుకు 32 కలుపుతూ పోయాను. మొదటి గీత సరైన చోటే పడింది. రెండవది దానికి 8 గీతల కింద, మూడవది 16 గీతల కింద పడ్డాయి. తొమ్మిదవది మాత్రం మళ్లీ పైకి వెళ్లి మొదటి గీతకు ఆనుకుని నిలిచింది. తప్పు నా లెక్కలో ఉందా? మెమరీని ఇలాగే అమర్చి ఉంటే అందుకు కారణమేమిటి, ఒక గీత నుంచి దాని కింది గీతకు చేరే సరైన పద్ధతి ఏది?

సమాధానం 1

గీతకు 32 బైట్లన్న మీ లెక్క సరైనదే, కాని ఆ గీతలు మెమరీలో మీరు అనుకున్న క్రమంలో లేవు. బేసిక్‌లో ఒక చిన్న లూప్ రాసి, 16384 నుంచి 22527 వరకు ప్రతి అడ్రసులోనూ 255ను పోక్ చేసి (అంటే నేరుగా రాసి) చూడండి. పైనున్న మూడోవంతు తెరలో 0, 8, 16 ఇలా 56 వరకు గీతలు నిండిన తరువాతే 1వ గీత మొదలవుతుంది. ఆ మూడోవంతు మొత్తం, అంటే 2048 బైట్లు, పూర్తయితే గాని నడిమి భాగంలోకి అడుగుపెట్టదు. క్యాసెట్ నుంచి బొమ్మ లోడ్ అవుతున్నప్పుడు కనిపించే క్రమం కూడా ఇదే. రంగులకు చెందిన 768 బైట్లు 22528 నుంచి ఉంటాయి కాబట్టి అవి చివరలో వచ్చి చేరతాయి.

గీత సంఖ్యను 8 బిట్లుగా రాసుకుంటే విషయం తేటపడుతుంది. పై రెండు బిట్లు తెరలో ఏ మూడోవంతో చెబుతాయి, నడిమి మూడు బిట్లు అందులో ఎన్నవ అక్షరాల వరుసో చెబుతాయి, చివరి మూడు బిట్లు ఆ అక్షరంలో ఎన్నవ గీతో చెబుతాయి. స్పెక్ట్రమ్ అడ్రసులో ఈ నడిమి మూడూ చివరి మూడూ స్థానాలు మార్చుకున్నాయి. అందువల్ల అక్షరం లోపల ఒక గీత కిందికి దిగాలంటే 256 కలపాలి, అంటే అడ్రసును హెచ్ఎల్ రిజిస్టరు జతలో ఉంచితే, దాని పై బైటు అయిన హెచ్‌ను ఒకటి పెంచితే సరిపోతుంది (కింది బైటు ఎల్). అక్షరాలను అచ్చువేసే రొటీనుకు ఇంతకంటే తేలికైన అమరిక దొరకదు. మీ బొమ్మలో ఎనిమిదేసి గీతలకు ఒకసారి మాత్రం హెచ్‌ను 8 తగ్గించి, ఎల్‌కు 32 కలపవలసి ఉంటుంది.

సమాధానం 2

అక్షరాల సౌలభ్యం సగం కారణమే, మిగతా సగం హార్డ్‌వేర్‌లో ఉంది. ఈ యంత్రపు హార్డ్‌వేర్‌ను రిచర్డ్ ఆల్ట్‌వాసర్ రూపొందించారు. తెర మీద ప్రతి 8 పిక్సెళ్లకూ, తెరను గీసే యూఎల్‌ఏ చిప్ రెండు బైట్లు చదవాలి: ఒకటి పిక్సెళ్లది, ఒకటి రంగుది. ఈ రెండు అడ్రసుల్లోనూ కింది 8 బిట్లు ఒకటే ఉండేలా అమరిక కుదిరింది. డైనమిక్ ర్యామ్‌కు అడ్రసును రెండు ముక్కలుగా, ముందు రో, తరువాత కాలమ్‌గా ఇవ్వాలి కదా. రో ముక్క రెండు బైట్లకూ ఉమ్మడి కావడంతో దానిని ఒక్కసారి ఇచ్చి, కాలమ్‌ను మాత్రమే రెండుసార్లు మార్చి, యూఎల్‌ఏ ఆ రెంటినీ వెంటవెంటనే తీసుకుంటుంది. గీతలను వరుసగా పేర్చి ఉంటే ఈ ఆదా దక్కేది కాదు. 1982 నాటి చవక ర్యామ్‌తో ఇంత పని చేయించిన ఈ అమరిక పట్ల నాకు నిజమైన గౌరవం ఉంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానంలో చెప్పినట్టు మార్చగానే బొమ్మ పైఅంచున చక్కగా వచ్చింది. అయితే దానిని 56వ గీత దగ్గర వేస్తే పై ఎనిమిది గీతలు ఉన్నచోటే ఉండి, కింది ఎనిమిది తెర పైఅంచుకు ఎగిరిపోతున్నాయి.

సమాధానం 3

మీరు ప్రతిసారీ హెచ్ నుంచి 8 తీసేస్తున్నారు, లోపం అక్కడే ఉంది. 63వ గీత నుంచి 64కు, 127 నుంచి 128కి దాటేటప్పుడు ఆ తీసివేత చేయకూడదు. దానిని గుర్తించడానికి విడిగా పరీక్ష అక్కరలేదు, కూడిక 255 దాటితే లేచే క్యారీ ఫ్లాగే చెబుతుంది. ముందు హెచ్‌ను ఒకటి పెంచండి. దాని కింది మూడు బిట్లు సున్నా కాకపోతే పని అయిపోయినట్టే. సున్నా అయితే ఎల్‌కు 32 కలపండి. క్యారీ వస్తే మీరు తరువాతి మూడోవంతులోకి వచ్చేశారు, హెచ్ ఇప్పటికే సరైన విలువలో ఉంది కనుక అక్కడితో ఆగండి. క్యారీ రాకపోతేనే హెచ్ నుంచి 8 తీసేయండి.

బొమ్మ మొదలయ్యే చోటును లెక్కకట్టడానికి యంత్రంలో శాశ్వతంగా ఉండే రోమ్ మెమరీలో రొటీను ఒకటి సిద్ధంగా ఉంది. ఏ (A) రిజిస్టరులో పైనుంచి లెక్కించిన గీత సంఖ్యను, సి రిజిస్టరులో అడ్డంగా పిక్సెల్ సంఖ్యను ఉంచి 8880వ అడ్రసును కాల్ చేస్తే, హెచ్ఎల్‌లో అడ్రసు, ఏలో బైటు లోపలి పిక్సెల్ స్థానం తిరిగి వస్తాయి. మామూలు ప్రవేశం 8874 దగ్గర ఉంది గాని, అది కిందనుంచి లెక్కిస్తుంది, 175కు మించి ఒప్పుకోదు.

తెర మీద బొమ్మలు ఎక్కువైతే 192 గీతల అడ్రసులనూ ముందే ఒక పట్టికలో పెట్టుకోవడం మేలు. దానికి 384 బైట్లే పడతాయి. పట్టికనూ, బొమ్మ వేసే రొటీనునూ 32768కి పైన ఉంచండి. 16384 నుంచి 32767 వరకు ఉన్న మెమరీని యూఎల్‌ఏ కూడా వాడుకుంటుంది కాబట్టి, తెర గీస్తున్న సమయంలో అక్కడికి వెళ్లిన ప్రాసెసర్‌ను అది మధ్యమధ్యలో ఆపేస్తుంది. తెర కొత్తగా మొదలయ్యే సంకేతం వచ్చేదాకా ప్రాసెసర్‌ను ఆపి ఉంచే హాల్ట్ ఆదేశం తరువాత వెంటనే బొమ్మ వేస్తే, తెర మొదటి గీత మొదలయ్యేలోగా మీకు సుమారు 14,300 క్లాక్ టిక్కులు దొరుకుతాయి. 16 గీతల బొమ్మలు కొన్నింటిని చెరిపి మళ్లీ వేయడానికి ఆ వ్యవధి సరిపోతుంది.