కందిపప్పులో ఉప్పు ముందే వేస్తే నిజంగా ఉడకదా?

పప్పుగుత్తి:
రోజుకో చిన్న సంగతి వరసలో ఇవాళ్టిది. కందిపప్పు పొయ్యెక్కేటప్పుడే ఉప్పు వేస్తే పలుకు పలుకుగా ఉండిపోతుందని చాలా ఇళ్లల్లో గట్టి నమ్మకం. ఇందులో ఉప్పు తప్పేమీ లేదు. గింజలో కణాలను అంటిపెట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. దాన్ని కాల్షియం, మెగ్నీషియం కుట్లు వేసినట్టు బిగించి ఉంచుతాయి. ఆ జిగురు కరిగి బద్ద విడిపోవడమే ఉడకడం. ఉప్పులోని సోడియం కొన్నిచోట్ల కాల్షియాన్ని పక్కకు నెట్టి కుట్టు వదులు చేస్తుంది, అంటే ఎంతో కొంత సాయమే. అసలు అడ్డుపడేవి మూడు: పులుపు, బోరు నీళ్లు, నిలవ పప్పు. కాదనేవాళ్లు కారణంతో సహా చెప్పండి.

కల్లుప్పు:
నేను కాదంటాను. తరతరాలుగా వంట చేసినవాళ్లందరూ ఒకే పొరపాటు చేశారంటే నమ్మడం కష్టం. పైగా మీరు చెప్పేది ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పు సంగతి. పాతకాలంలో వాడింది ఉప్పు మడుల నుంచి వచ్చిన కల్లుప్పు. దాన్ని జాడీలో పెడితే వానాకాలం చెమ్మగిల్లి నీరు కారేది. అలా కారడానికి కారణం అందులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్. జిగురును బిగించేది మెగ్నీషియమేనని మీరే అన్నారు. మరి పెద్దల మాట తప్పెలా అవుతుంది?

బోరుబావి:
మంచి పాయింటే కల్లుప్పు గారూ, కానీ లెక్క వేస్తే నిలబడదు. ఒక గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్లు, అంటే సుమారు 600 మిల్లీలీటర్లు. బోరు నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క, లీటరుకు 400 మిల్లీగ్రాములు అనుకుందాం. తాగునీటికి మన దేశ ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే నీటి వసతి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. కాబట్టి 400 ఏమీ వింత అంకె కాదు. ఆ లెక్కన గిన్నెలోకి నీళ్లతోనే 240 మిల్లీగ్రాములు దిగుతుంది. ఇక చెంచాడు ఉప్పు 5 గ్రాములు. అందులో నూటికి ఒకటి కాల్షియం, మెగ్నీషియం లవణాలనుకున్నా 50 మిల్లీగ్రాములే. నీళ్లను వదిలేసి ఉప్పును పట్టుకోవడం న్యాయం కాదు.

ఇంకో మాట. ఈ నమ్మకం పుట్టుకలో మాట తికమక కూడా ఉందని నా అనుమానం. మన ఊళ్లల్లో కాఠిన్యం ఉన్న బోరు నీళ్లను ‘ఉప్పు నీళ్లు’ అంటాం, తాగే నీళ్లను ‘మంచినీళ్లు’ అంటాం. ‘ఉప్పు నీళ్లలో పప్పు ఉడకదు’ అన్న మాట అక్షరాలా నిజం. అక్కడ ఉప్పంటే సున్నం, సోడియం కాదు. ఆ మాట వంటింటి ఉప్పు డబ్బా మీదికి జారిపోయి ఉంటుంది.

నాలుగోకూత:
ఇంత చర్చ ఎందుకన్నా? కుక్కర్ల ఉప్పు, పసుపు, టమాట, చింతపండు అన్నీ ఒక్కసారే పడేసి నాలుగు విజిల్స్ పెడితే ఉడుకుతలేదా? హోటళ్లల్ల చేసేది గదే.

పప్పుగుత్తి:
ఉడుకుతుంది తమ్ముడూ, కొత్త పప్పూ మంచి నీళ్లూ అయితే. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి చిన్న చిన్న తప్పులన్నీ కప్పడిపోతాయి. అదే సరుకును మూతలేని గిన్నెలో పెడితే బండారం బయటపడుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, అక్కడ నీళ్లు మరిగేదే దాదాపు 98 డిగ్రీల దగ్గర. అరకులో ఇంకో డిగ్రీ తగ్గుతుంది. ‘ఉప్పు వేస్తే నీళ్లు ఇంకా వేడిగా మరుగుతాయి, అందుకే త్వరగా ఉడుకుతుంది’ అనే వాదన కూడా వినిపిస్తుంది. అదీ వట్టిదే. లీటరుకు రెండు చెంచాల ఉప్పు వేసినా పెరిగేది డిగ్రీలో ఐదో వంతు కూడా ఉండదు.

విజిల్స్ లెక్క కూడా నమ్మకండి. మంట పెద్దదైతే నాలుగు కూతలు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి, సిమ్‌లో పెడితే పదిహేను నిమిషాలు పట్టొచ్చు. మొదటి కూత రాగానే మంట తగ్గించి 8 నుంచి 10 నిమిషాలు గడియారం చూసి ఉంచండి, ఆవిరి దానంతటదే దిగనివ్వండి. పప్పు నేరుగా కుక్కర్లో వేసేవాళ్లు నీళ్లతో కలిపి సగానికి మించనివ్వకూడదు, నురుగు పైకొచ్చి వెయిట్ కింది రంధ్రం మూసుకుపోతుంది. అర చెంచా నూనె వేస్తే నురుగు అణుగుతుంది.

కల్లుప్పు:
లెక్కలు బాగున్నాయి. చేసి చూపించే పద్ధతి ఏదైనా ఉందా?

పప్పుగుత్తి:
ఉంది, అరగంట పని. ఒకే ప్యాకెట్లోంచి 50 గ్రాముల చొప్పున మూడు చిన్న గిన్నెల్లోకి పప్పు తీసుకుని కడగండి. మూడింట్లోనూ 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ నీళ్లే ఉండాలి. మొదటిది ఉత్తది. రెండోదాంట్లో పావు చెంచా ఉప్పు. మూడోదాంట్లో 5 గ్రాముల చింతపండును ఆ 150లోనే పిసికి, వడకట్టి పోయండి. మూడూ ఒకే కుక్కర్లో, అడుగున రెండు గ్లాసుల నీళ్లతో. మొదటి కూత తరవాత సిమ్‌లో 8 నిమిషాలు చాలు. ఇంకా ఎక్కువ పెడితే మూడూ మెత్తబడి తేడా కనిపించకుండా పోతుంది. పప్పు పాతదైతే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఒక్కో గిన్నెలోంచి పది బద్దలు తీసి వేళ్ల మధ్య నలపండి. మొదటి రెంటికీ పెద్ద తేడా ఉండదు. మూడోదాంట్లో బద్ద నడుమ పలుకు తగులుతుంది. నాలుగో గిన్నె పట్టే కుక్కర్ అయితే ఉత్త బోరు నీళ్లతో ఒకటి పెట్టండి, అసలు తమాషా అదే.

మిల్లుదారి:
పప్పు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. కందులు పప్పుగా మారే పద్ధతిని బట్టి కూడా ఉడుకు మారుతుంది. కందుల్ని నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి విసిరే పాత పద్ధతి ఒకటి. నూనె పట్టించి ఆరబెట్టి పొట్టు తీసే పొడి పద్ధతి ఇంకొకటి. మట్టి పప్పు పొట్టు బాగా వదులుతుంది కానీ ఉడకడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. పొడి పద్ధతి పప్పు తొందరగా ఉడుకుతుంది. అమ్మేటప్పుడు నూనె పూత వేసిన పప్పైతే గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు రుద్ది కడగాలి.

నిలవ గురించి. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి ఉంచితే గింజలో భాస్వరాన్ని దాచి ఉంచే ఫైటేట్ అనే పదార్థం విరిగి, అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం వదులుతాయి. అవి వెళ్లి పెక్టిన్‌ను బిగిస్తాయి. అందుకే పొయ్యి పక్క అలమరలో డబ్బా పెట్టకూడదు. ఒకసారి అలా బిగిసిన పప్పు అరగంట నానబెట్టినంత మాత్రాన మునుపటిలా కాదు. రెండు గంటలు నానాలి, కుక్కర్లో ఇంకో ఐదు నిమిషాలు అదనంగా పెట్టాలి. కొత్త పప్పులో కలిపేసి ఉడికించడం అన్నిటికన్నా చెడ్డ పని. సగం ముద్దవుతుంది, సగం పలుకుగా మిగులుతుంది.

నాలుగోకూత:
చిటికెడు సోడా ఏస్తే అయిపోతది గదా?

బోరుబావి:
మెత్తబడుతుంది, నిజమే. క్షారంలో పెక్టిన్ త్వరగా కరుగుతుంది. కానీ బి1 విటమిన్ పోతుంది, కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పప్పు జిగటగా తయారవుతుంది. గ్లాసు పప్పుకు చెంచాలో ఎనిమిదో వంతు దాటకూడదు. ఎక్కువైందో లేదో పసుపే చెబుతుంది: పసుపు వేసిన పప్పు ఎర్రబారిందంటే సోడా మోతాదు మించినట్టే. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడేది కూడా ఇందుకే.

సోడా కన్నా నీళ్లు మార్చడం మేలు. పప్పుకు పట్టేది మూడు గ్లాసులే కదా, తాగే నీళ్లు పోయండి. అవీ లేకపోతే బోరు నీళ్లను పది నిమిషాలు తెర్ల కాచి, చల్లారనిచ్చి, అడుగున తెల్లటి మడ్డి దిగాక పైతేట వంచుకోండి. బైకార్బొనేట్ వల్ల వచ్చిన కాఠిన్యం అలా దిగిపోతుంది. సల్ఫేట్, క్లోరైడ్ వల్ల వచ్చింది మాత్రం ఎంత కాచినా పోదు.

కల్లుప్పు:
సరే, నీళ్ల సంగతి ఒప్పుకున్నాను. కానీ ఉప్పు ఆఖర్న వేయడానికి నా దగ్గర వేరే కారణాలున్నాయి. ఒకటి అయోడిన్. మన ఉప్పు ఇంటికి చేరేసరికి పది లక్షల వంతుల్లో కనీసం 15 వంతులు అయోడిన్ ఉండాలని నిబంధన. ఎక్కువసేపు మరిగితే అందులో కొంత పోతుంది. రెండోది పాత్ర. చల్లటి నీళ్లలో ఉప్పు పోసి కలపకుండా వదిలేస్తే అది అడుగున కూర్చుని అల్యూమినియానికైనా స్టీలుకైనా చిన్న చిన్న గుంటలు పెడుతుంది. మూడోది, పప్పుచారుకు ఎంత నీళ్లు పడతాయో మొదట్లో ఎవరికి తెలుసు?

పప్పుగుత్తి:
మూడూ సరైనవే. అయోడిన్ విషయంలో ఒక్క సవరణ: ఇక్కడ ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్. అయోడైడ్ కన్నా అది వేడికి బాగా తట్టుకుంటుంది, కాబట్టి అంతా ఆవిరైపోతుందని భయం అక్కర్లేదు. పాత్ర సంగతికి మందు, ఉప్పును నీళ్లు వేడెక్కాక వేసి కలపడమే.

అయితే పొట్టుతో ఉండే గింజల దగ్గర ఉప్పు ముందే కావాలి. గుగ్గిళ్లకు శనగలు, బొబ్బర్లు నానబెట్టేటప్పుడు లీటరు నీళ్లకు మూడు చెంచాల ఉప్పు కలిపి ఎనిమిది గంటలు ఉంచి, ఆ నీళ్లు పారబోసి కడిగి ఉడికించండి. పొట్టు మెత్తబడుతుంది, గింజ పగలదు, ఉప్పు లోపలికి దిగుతుంది. ఆఖర్న వేస్తే ఉప్పు పైపైనే ఉండిపోతుంది.

మిల్లుదారి:
గోంగూర, చుక్కకూర, మామిడికాయ పప్పులు చేసేవాళ్లకు ఒక మాట. పులుపును అదే కుక్కర్లో వేరే గిన్నెలో పెట్టండి. పప్పు మెదిపాక కలిపి ఐదు నిమిషాలు ఉడకనిస్తే చాలు. ముందే కలిపి పలుకు మిగిలాక ఎన్ని కూతలు పెట్టినా లాభం తక్కువ, ఎందుకంటే పులుపు అందులోనే ఉంది కదా. గిన్నెలు పెట్టి వండేటప్పుడు కుక్కర్ అడుగు నీళ్లలో పిండేసిన చింతపండు పిప్పి గానీ నిమ్మచెక్క గానీ వేస్తే అల్యూమినియం నల్లబడదు. పులుపుకు పనికొచ్చే చోటు అదొకటుంది.

కల్లుప్పు:
మూడు గిన్నెల పరీక్ష పెట్టి చూడాల్సిందే. ఉప్పు మాత్రం గుత్తి తిప్పాకే వేస్తాను, ఉడకదని కాదు, చారుకు కొలత కుదరడం కోసం. బొబ్బర్లకు ముందే.