పాత పంపు ఇంజన్ ఉంచుకోవాలా, బీఎస్6 పికప్ కొనాలా? మదనపల్లె–కోయంబేడు టమాటా లోడు లెక్క

టమాటా బండి, మదనపల్లె

అన్నలకు నమస్తే. నాది 2016 పికప్, బీఎస్3 (పాత పొగ నిబంధనల బండి, బీఎస్6 అంటే కొత్త నిబంధనలది), పంపుతో నాజిళ్లకు డీజిలు కొట్టే పాత ఇంజన్. ఇప్పటికి 3,80,000 కిలోమీటర్లు తిరిగింది. సాయంత్రం ఇక్కడ లోడు ఎత్తితే పుంగనూరు, పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు, రాణిపేట మీదుగా తెల్లారేసరికి చెన్నై కోయంబేడు మార్కెట్లో ఉండాలి. రానూపోనూ 500 కిలోమీటర్లు వేసుకోండి. వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లే.

ఒకసారి ఇంజన్ బోరు (సిలిండర్ల పని) చేయించాను, ఆ తర్వాత పెద్ద ఖర్చేమీ పెట్టించలేదు. ఇప్పుడు మైలేజీ పడిపోయింది. ట్యాంకు ఫుల్ చేసి బయల్దేరి, వచ్చాక అదే బంకులో మళ్లీ ఫుల్ చేసి చూశా, లీటరుకు 10.5 కిలోమీటర్లు. రెండేళ్ల కింద ఇదే రూట్లో 12.5 ఇచ్చేది. తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కుతుంటే నల్ల పొగ. వెనకొచ్చే బైకుల వాళ్లు తిట్టుకుంటూ పోతున్నారు.

మా బావమరిది బీఎస్6 బండి కొన్నాడు. వాడికి ఇదే రూట్లో 14 వస్తోంది. ట్రిప్పుకు 12 లీటర్లు మిగిలితే, లీటరు 97 చొప్పున నెలకు 12 ట్రిప్పులకు దాదాపు 14 వేలు. కంతు 21 వేలు పడుతుందంటున్నారు. పోగా ఏడు వేలే కదా, కొత్త బండి వస్తుంది కదా అని ఇంట్లో వాదన. ఏ ఇంజన్ నమ్మకం? కంపెనీల పేర్లు పెట్టి కొట్టుకోకుండా చెప్పండన్నా.

పంపు పని, చిత్తూరు

22 ఏళ్లుగా పంపులు, నాజిళ్లు చేస్తున్నా తమ్ముడూ. పాత ఇంజన్ వైపు కొంచెం మొగ్గుతానని ముందే చెప్పేస్తున్నా, ఆ మేరకు తగ్గించుకుని చదువు.

నీ లెక్కలో ఒక మెలిక ఉంది. జ్వరంతో ఉన్న బండిని పక్కన పెట్టి కొత్త బండితో పోటీ పెట్టావు. నీ బండి మళ్లీ 12.5కి వస్తే 500 కిలోమీటర్లకు 40 లీటర్లు. కొత్తది 14 ఇస్తే 36 లీటర్లకు కాస్త తక్కువ. తేడా నాలుగు లీటర్ల పైచిలుకు. నెలకు అయిదు వేలు, అంతే. మిగతా తొమ్మిది వేలూ కొత్త ఇంజన్ గొప్పతనం కాదు, నీ బండి జబ్బు.

ఆ జబ్బేమిటో నువ్వే రాశావు. లోడుతో కాదు, ఖాళీ క్రేట్లతో ఘాట్ ఎక్కుతుంటే నల్ల పొగ. అంటే డీజిలు ఎక్కువైనా పడుతోంది, గాలైనా చాలడం లేదు. బోరు అరిగి ఆయిలు మండితే పొగ నీలంగా వస్తుంది, ఇది అది కాదు. ఎయిర్ ఫిల్టరు చూడు, టర్బో గొట్టం ఎక్కడైనా చీలిందేమో చూడు, ఆ తర్వాత నాజిళ్లు. చక్రాలు జాకీ మీద లేపి చేత్తో తిప్పి కూడా చూడు. బ్రేకు పట్టేసి ఉంటే దేవుడొచ్చినా మైలేజీ రాదు.

ఇక ఏది నమ్మకం అన్నావు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మేవన్నీ బీఎస్6. పాత నాజిల్ 200 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది, మేం బల్ల మీద పెట్టి సరిచేసి పంపేవాళ్లం. బీఎస్6 బండ్లలో ఉండే కామన్ రైల్లో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిలు పంచే ఒకే గొట్టంలో, ఒత్తిడి 1,600 బార్, ఆ పైన కూడా ఉంటుంది. అందుకే డీజిలు సన్నగా చిమ్ముతుంది, బాగా మండుతుంది, మైలేజీ వస్తుంది. అందుకే నీళ్లు కలిసిన డీజిలు ఒక్కసారి పడితే ఇంజెక్టర్లు పోతాయి కూడా. ఊరి చివర డబ్బాల్లో అమ్మే డీజిలు పాత పంపు ఎలాగోలా తట్టుకునేది, ఇది తట్టుకోదు.

ఇక పికప్ మోడళ్ల ఇంజన్ సైజు సంగతి. దోస్త్‌లో 1,478 సీసీ, మూడు సిలిండర్లు. ఇంట్రా వీ50లో 1,496 సీసీ, 220 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం). యోధలో 2,179 సీసీ, 250 టార్క్. బొలెరో పికప్‌లో 2,523 సీసీ. చిన్న ఇంజన్ తక్కువ తాగుతుంది, నిజమే, పాసింగ్ లోడు (కాగితాల్లో అనుమతించిన బరువు) వరకే. 1,700 కిలోలు పాసైన బండికి 28 కిలోల క్రేట్లు 60 సరి. సీజన్లో 90 ఎత్తుతారని నాకు తెలియదా? అంత బరువుతో చిన్న ఇంజన్ మూడో గేర్లోనే మూలుగుతూ పోతుంది, మైలేజీ పెద్ద ఇంజన్ కంటే కింద పడుతుంది. మీ బావమరిది ఎన్ని క్రేట్లు వేస్తున్నాడో అడిగావా?

పాల బండి, పుంగనూరు

నాది బీఎస్6. కంపెనీ పేరు వద్దులే. ఇంజన్‌కి వంక పెట్టలేను, నా రూటుకు మాత్రం అది సరిపడలేదు. ఊరూరా ఆగి క్యాన్లు ఎత్తాలి, రెండు కిలోమీటర్లకోసారి ఆపాలి. సైలెన్సర్‌లో మసి పట్టే డీపీఎఫ్ ఫిల్టరు కాలి శుభ్రం కావాలంటే కాసేపు ఆపకుండా తోలాలి, నాకు అది కుదరదు. లైటు వెలిగినప్పుడల్లా ఖాళీ బండితో పలమనేరు దాకా పోయి వస్తున్నా, ఆ డీజిలు ఎవడిస్తాడు? ఒకసారి పట్టించుకోలేదు, బండి దానంతటదే బలం తగ్గించేసుకుని 40 స్పీడు మీద పోలేదు. పాలు విరిగిపోయాయి.

పంపు పని, చిత్తూరు

పాల బండి అన్నా, డిప్‌స్టిక్ (ఇంజన్ ఆయిలు మట్టం చూసే పుల్ల) చూస్తున్నావా? మసి కాల్చడానికి కంప్యూటరు అదనంగా డీజిలు చిమ్ముతుంది. ఆ పని మధ్యలో ఆగిపోతుంటే కొంత డీజిలు కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పెరిగిందని మురిసిపోవద్దు, వెంటనే మార్చు. డీపీఎఫ్ బండికి తక్కువ బూడిద వచ్చే ఆయిలే వాడాలి, మాన్యువల్లో రాసిన గ్రేడు చూసి కొను.

తమ్ముడి రూటుకు ఈ తిప్పలు లేవు. చిత్తూరు నుంచి చెన్నై దాకా ఆపకుండా పోతాడు కాబట్టి ఫిల్టరు దానంతటదే కాలుతుంది. కొంటే కొనొచ్చు. నేను వద్దన్నది ఆ 14 వేల లెక్కను చూసి కొనడం.

టమాటా బండి, మదనపల్లె

బావమరిదికి ఫోన్ చేశా. వాడు వేసేది 60 క్రేట్లే, ఫైనాన్స్ తీరేదాకా ఓవర్‌లోడ్ వద్దనుకున్నాడట. నేను 85 వేస్తున్నా. ఇది ముందే అడగాల్సింది.

జాకీ పెట్టి తిప్పా. వెనక ఎడమ చక్రం గట్టిగా ఉంది. ఫిల్టరు విప్పితే లోపల ఎండిన టమాటా ఆకు కూడా ఉంది, ఎలా పోయిందో. రెండూ సరిచేశాక నిన్నటి ట్రిప్పుకు 11.4 వచ్చింది. పొగ తగ్గింది గానీ పోలేదు. పంపు, నాజిళ్లు విప్పి సోమవారం తెస్తానన్నా, షాపు ఉంటుందా?

పంపు పని, చిత్తూరు

ఉంటుంది. పంపు మాత్రం విప్పొద్దు, టైమింగు పోతుంది. లోడు దించి వచ్చేటప్పుడు బండే తోలుకు రా. ఘాట్ మొదట్లో నేనూ ఎక్కి కూర్చుని ఆ పొగేదో చూస్తా.