కంపైల్ మొదలుపెడితే ల్యాప్‌టాప్ మొత్తం బిగుసుకుపోతోంది, ర్యామ్ పోయినట్టేనా?

ప్రశ్న: నమస్తే అండీ. 8 జీబీ ర్యామ్, 8 థ్రెడ్ల ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్, ఉబుంటు 22.04. ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్ట్ సోర్స్ దించుకుని మేక్‌తో బిల్డ్ చేస్తుంటే (కోడ్‌ని కంపైల్ చేసి నడిచే ప్రోగ్రామ్‌గా మారుస్తుంటే) సగం దాకా బాగానే వెళ్తుంది, తర్వాత మౌస్ కూడా కదలదు, డిస్క్ లైటు మాత్రం ఆగకుండా వెలుగుతుంది. కాసేపటికి కంపైలర్ 'కిల్డ్' అని ఆగిపోతుంది, ఒక్కోసారి టెర్మినలే మాయమవుతుంది. ర్యామ్ మార్చాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: అప్పుడే ఏమీ కొనకండి. బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌లో జే (-j, ఒకేసారి ఎన్ని పనులు నడపాలో చెప్పే ఆప్షన్) పక్కన అంకె ఇచ్చారా?

అడిగినవారు: లేదండీ, ఉత్త జే. స్పీడుగా అవుతుందని ఎవరో రాస్తే పెట్టాను.

జవాబు: అదే కారణం. అంకె లేకపోతే మేక్‌కి హద్దు ఉండదు, సిద్ధంగా ఉన్న ఫైళ్లన్నిటికీ ఒకేసారి కంపైలర్లు లేపుతుంది. టెంప్లేట్లు (కంపైలర్ విస్తరించుకోవాల్సిన కోడ్ నమూనాలు) దట్టించిన ఫైల్ అయితే ఒక్క కంపైలరే 1 జీబీ దాటి తినగలదు. ర్యామ్ నిండాక స్వాప్ (ర్యామ్‌కి బదులు వాడే డిస్క్ భాగం) మీద పడుతుంది, మీ డిస్క్ లైటు వెలిగేది అందుకే. అదీ చాలకపోతే కెర్నల్ (సిస్టమ్‌ని నడిపే ప్రధాన భాగం) ఏదో ఒక ప్రాసెస్‌ని, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని, చంపుతుంది. జర్నల్‌సీటీఎల్‌లో (సిస్టమ్ లాగ్ చూపే కమాండ్) కెర్నల్ సందేశాలు చూడండి, 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. టెర్మినల్ మాయమవడం బహుశా సిస్టమ్‌డీ ఊమ్‌డీ (మెమరీ కరువైతే ప్రోగ్రామ్‌లను ఆపే సర్వీస్) పని, 22.04 డెస్క్‌టాప్‌లో అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, ఒక్క ప్రాసెస్‌ని కాకుండా అది ఉన్న గుంపు మొత్తాన్ని చంపేస్తుంది.

బ్రౌజర్ మూసేసి జే 2తో మొదలుపెట్టండి, హెచ్‌టాప్‌లో (ర్యామ్ వాడకం చూపే ప్రోగ్రామ్) ర్యామ్ మిగులుతుంటే 3 చేయండి. ఒక్కో జాబ్‌కి 2 జీబీ అని నేను లెక్క వేసుకుంటాను, ఇది నియమమేమీ కాదు. మేక్ క్లీన్ మాత్రం కొట్టకండి, అది అయినదంతా చెరిపేస్తుంది; కొట్టకపోతే మేక్ అయినంతవరకు మళ్లీ చేయదు. లింక్ (కంపైల్ అయిన ముక్కలను కలిపే చివరి దశ) దగ్గర ఏదైనా ఆబ్జెక్ట్ ఫైల్ (అలా కంపైల్ అయిన ముక్క) సగంలో తెగిందని ఎర్రర్ వస్తే ఆ ఒక్క ఫైల్ తీసేసి మళ్లీ నడపండి.

ఇంకొకరు: మేక్‌కి బదులు నింజా అనే బిల్డ్ టూల్ వాడినా ఇదే గొడవ. అంకె ఇవ్వకపోతే థ్రెడ్ల కన్నా 2 ఎక్కువ తీసుకుంటుంది, అంటే మీకు 10. డీబగ్ సమాచారంతో (తప్పులు వెతకడానికి చేర్చే అదనపు వివరాలు) బిల్డ్ చేస్తే లింకింగ్ ఇంకా బరువు. నింజాకి బిల్డ్ ఫైళ్లు తయారుచేసే సీమేక్‌లో లింక్ జాబ్‌లకు వేరే పూల్ (జాబ్‌ల పరిమితి గుంపు) పెట్టి ఒకేసారి 1కి కట్టేయొచ్చు, కంపైల్ వేగం తగ్గదు.

అడిగినవారు: జర్నల్‌లో ఆ మాటే ఉంది! జే 2తో చివరిదాకా వెళ్లింది, మధ్యలో ఎక్కడా బిగుసుకోలేదు. అయినా ర్యామ్‌ని ఒకసారి పరీక్షించాలా?

జవాబు: ఈ లక్షణాలకైతే అవసరం లేదు. ర్యామ్ చెడితే ఇలా ఉండదు, మెమరీ ఖాళీగా ఉన్నప్పుడు కూడా కంపైలర్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తప్పు మెమరీని తాకిన ఎర్రర్) పడిపోతుంది, అదీ ప్రతిసారీ వేరే ఫైల్ దగ్గర. అలా జరిగితే అప్పుడు ర్యామ్ పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలేయండి.