బ్రిటిష్ ఇంగ్లీషే అసలు, అమెరికన్‌ది చెడిన రూపం అనడం ఎంతవరకు సరి? (మారుపేర్లతో నలుగురి చర్చ)

అచ్చుతప్పు:
సూటిగా అడుగుతున్నా. ఇంగ్లీషు పుట్టింది ఇంగ్లాండులో. అక్కడి పలుకుని ప్రమాణంగా పెట్టుకోకుండా, వాటర్‌ని ‘వాడర్’ అనీ టమాటోని ‘టమేడో’ అనీ పలికే అమెరికన్ ధోరణిని మన పిల్లలకి ఎందుకు నేర్పాలి? సెంటర్, థియేటర్ స్పెల్లింగుల్లో చివరి రెండక్షరాలు తారుమారు చేశారు. కలర్‌లో ‘యు’ పీకేశారు. అల్యూమినియంలో ఒక ‘ఐ’ ఎగరగొట్టి ‘అలూమినం’ అన్నారు. ఆటమ్‌ని ‘ఫాల్’ చేశారు, ఫుట్‌బాల్‌ని ‘సాకర్’ చేశారు, పైగా ‘గెట్’కి ‘గాటెన్’ అని ఒక వింత క్రియారూపం. ఇది చెడగొట్టడం కాక మరేమిటి? కాదనేవాళ్ళు ఆధారం చూపించండి. ‘భాష ఒక ప్రవాహం’ లాంటి కబుర్లు మాత్రం వద్దు.

రేఫ:
మీరు దొంగలని పట్టుకొచ్చిన వాళ్ళలో సగం మంది ఇంగ్లాండు పౌరులేనండీ.

‘ఫాల్’ 16, 17 శతాబ్దాల్లో ఇంగ్లాండులో వాడుకలో ఉన్న మాట, ఆకు రాలే కాలం అని. వలస వెళ్ళినవాళ్ళు దాన్ని మూటగట్టుకుపోయారు. ఇంగ్లాండులో తర్వాత అది వాడుక తప్పి, ఫ్రెంచి నుంచి వచ్చిన ‘ఆటమ్’ నిలిచింది. ‘గాటెన్’ కథా అంతే. ఇంగ్లాండు వదిలేసింది, అమెరికా అట్టేపెట్టుకుంది. బ్రిటిష్ వాళ్ళు ఇప్పటికీ ‘ఫర్‌గాటెన్’ అనే అంటారు, గమనించండి. ‘సాకర్’ 1880ల నాటి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల యాస. ‘అసోసియేషన్ ఫుట్‌బాల్’లోంచి ‘సాక్’ ముక్క తీసి చివర ‘అర్’ తగిలించారు. రగ్బీని ‘రగ్గర్’ అన్నదీ వాళ్ళే.

అల్యూమినియం సంగతి ఇంకా తమాషా. హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు 1808లో దానికి ‘అల్యూమియం’ అని పేరు పెట్టి, 1812లో తానే ‘అలూమినం’ అని మార్చుకున్నాడు. సోడియం, పొటాషియం వరసలో ‘ఇయం’ ఉంటే బాగుంటుందని దాన్ని సవరించింది వేరేవాళ్ళు. అంటే ఎగిరిపోయిన ‘ఐ’ ఏమీ లేదు, తర్వాత వచ్చి కూర్చున్న ‘ఐ’ ఉంది.

స్పెల్లింగుల్లో అమెరికన్ నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ చేతివాటం నిజమే. 1806లో చిన్న నిఘంటువు, 1828లో పెద్దది వేశాడు. కానీ అంతకు ముందు ఇంగ్లాండులోనూ రెండు రకాల స్పెల్లింగులూ చలామణీలో ఉండేవి. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఒకదానికి మొగ్గింది, వెబ్‌స్టర్ రెండోదానికి మొగ్గాడు.

అచ్చుతప్పు:
సరే, మాటల పద్దు వదిలేస్తా. పలుకు మాటేమిటి? ‘కార్’, ‘హార్డ్’ అనేటప్పుడు ఆ ‘ర్’ని మెలిపెట్టి సాగదీయడం ఏ ఇంగ్లాండు సరుకు?

రేఫ:
అక్కడే మీరు పూర్తిగా ఓడిపోతారు. అమెరికాలో నిలదొక్కుకున్న మొదటి ఇంగ్లీషు వలస జేమ్స్‌టౌన్ వెలిసింది 1607లో. అప్పటికి ఇంగ్లాండులో చాలామంది అచ్చు తర్వాతి ‘ర్’ని పలికేవాళ్ళు. లండన్ వైపు అది నెమ్మదిగా జారిపోవడం 18వ శతాబ్దంలో జరిగింది. 1791లో జాన్ వాకర్ తన ఉచ్చారణ నిఘంటువులో లండన్ ‘ర్’ ఎంత బలహీనమో రాసుకున్నాడు. ఇవాళ మనం ‘బ్రిటిష్ యాక్సెంట్’ అని గుర్తుపట్టే ‘కా’, ‘హాడ్’ పలుకు కొత్తది. ఇంగ్లాండు నైరుతి మూలన బ్రిస్టల్, డెవన్, కార్న్‌వాల్ పెద్దవాళ్ళలో, స్కాట్లండ్‌లో, ఐర్లండ్‌లో ఆ ‘ర్’ ఇంకా బతికే ఉంది.

అలా పోయిన ‘ర్’ ఊరుకుందా? ‘ఫార్ అవే’ అన్నప్పుడు పక్కన అచ్చు ఉంటే తిరిగొస్తుంది. చివర అలాంటి అచ్చే ఉన్న ఇతర మాటలకీ ఆ అలవాటు పాకింది. అందుకే లండన్ వార్తల్లో ‘లా అండ్ ఆర్డర్’ని ‘లారండ్ ఆర్డర్’ అనీ, ‘ఇండియా అండ్ చైనా’ని ‘ఇండియరండ్ చైనా’ అనీ వింటాం. రాతలో లేని ‘ర్’ ఇది. మనకేం కొత్త కాదు. పేద + ఆలు = పేదరాలు. చిన్నయసూరి దీన్ని రుగాగమం అన్నాడు, వాళ్ళు ‘ఇంట్రూసివ్ ఆర్’ అంటారు.

ఇక పరువు సంగతి. 1962లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు న్యూయార్క్‌లో మూడు డిపార్ట్‌మెంట్ స్టోర్లకి వెళ్ళి, నాలుగో అంతస్తులో ఏముంటుందో తెలుసుకుని, అది ఎక్కడుందని సేల్స్ సిబ్బందిని అడిగాడు. ‘ఫోర్త్ ఫ్లోర్’ అని జవాబు రావాలి, అందులో రెండు ‘ర్’లున్నాయి. వినపడనట్టు నటించి ఇంకోసారి చెప్పించుకున్నాడు కూడా. ఖరీదైన శాక్స్‌లో ‘ర్’ ఎక్కువ, మధ్యరకం మేసీస్‌లో అంతకన్నా తక్కువ, చవక దుకాణం క్లైన్స్‌లో ఇంకా తక్కువ. లండన్‌లో ‘ర్’ పలికితే పల్లెటూరి బైతు, న్యూయార్క్‌లో పలకకపోతే చిన్నతనం. ఆ హల్లులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు.

పలుకుబడి:
రేఫ గారు ఒక చెంపే చూపిస్తున్నారు. అమెరికా పాతది దాచుకుంది అన్నంతవరకు ఒప్పు. ‘బాత్, గ్లాస్, లాఫ్’లలో దీర్ఘమైన ‘ఆ’ దక్షిణ ఇంగ్లాండులో 18వ శతాబ్దంలో స్థిరపడిన మార్పే. లీడ్స్, మాంచెస్టర్‌లకి అది ఇప్పటికీ చేరలేదు. కానీ అమెరికన్ పలుకే షేక్స్‌పియర్ నాటి పలుకు అని కొందరు ఊదరగొడతారు, అది కూడా తప్పే. ‘వాడర్’ అమెరికా సొంత మార్పు. ‘హాట్’లోని అచ్చుని ‘ఫాదర్’లోని ‘ఆ’తో కలిపేయడమూ వాళ్ళ పనే. (మన డాక్టరు, కాలేజీ, ఆఫీసు వింటే అమెరికన్ పలుకులా ఉంటాయి. కానీ అవి మనకొచ్చింది తెల్లదొరల కాలంలో. వాళ్ళ అచ్చు మన ‘ఆ’కీ ‘ఒ’కీ మధ్య ఎక్కడో ఉంటే మన చెవి ‘ఆ’ దగ్గర కట్టేసింది.)

అచ్చుతప్పు గారు ‘వాడర్’ అని రాశారు కదా, మనవాళ్ళు పొరబడేది సరిగ్గా అక్కడే. అది మన ‘డ’ కాదు. ‘డ’కి నాలుక వెనక్కి మడత పడుతుంది. అమెరికన్ శబ్దంలో నాలుక కొన పైపళ్ళ వెనకున్న గట్టుని ఒక్కసారి తాకి తప్పుకుంటుంది. మనకి దానికి అతి దగ్గరది ‘మరి’లోని ‘ర’. ‘సిటీ’ని ‘సిరీ’ అన్నట్టు తేలిగ్గా అంటే సరిపోతుంది, ‘సిడీ’ అంటే బరువుగా వినిపిస్తుంది. చివరున్న ‘ర్’ మాత్రం మనది కాదు, దానికి నాలుక కొన దేన్నీ తాకకూడదు.

ఇది అన్నిచోట్లా రాదు. రెండు అచ్చుల మధ్య ‘ట’ ఉండి, తర్వాతి అచ్చు మీద ఊనిక (ఒత్తి పలకడం) లేనప్పుడే వస్తుంది: వాటర్, బెటర్, గెట్ ఇట్. ‘హోటెల్’, ‘అటాక్’లలో ఊనిక రెండో అచ్చు మీద పడుతుంది కాబట్టి అక్కడ ‘ట’ గట్టిగా ‘ట’లాగే ఉంటుంది. యాక్సెంట్ నేర్చుకున్నామని ‘హొరెల్’ అనేవాళ్ళు ఈ నియమం తెలియక దొరికిపోతారు. ‘ట్వెంటీ’ లాంటి చోట ‘న్’ తర్వాతి ‘ట’ మాయమై ‘ట్వెనీ’ అవుతుంది. ‘బటన్’, ‘మౌంటెన్’లలో గొంతు ఒక్క క్షణం మూసుకుని నేరుగా ‘న్’లోకి దిగుతుంది. లండన్‌లో కాక్నీ యాసవాళ్ళు ఆ గొంతు బిగింపునే ‘వాటర్’, ‘బాటిల్’ లాంటి మాటల్లోనూ వాడతారు. అక్షరాలు మింగడం ఒక్క అమెరికా సొత్తేం కాదు.

గట్టుమీద:
ఎవరిది అసలు అన్నది తేలినా తేలకపోయినా, రోజూ దెబ్బ తగిలేది ఇంకోచోట. ‘క్యాన్’, ‘కాంట్’. బ్రిటిష్ వాళ్ళకి చిక్కు లేదు, ఒకటి ‘క్యాన్’, ఇంకోటి దీర్ఘంతో ‘కాంట్’. అమెరికన్లకి రెండింటిలోనూ ఒకటే అచ్చు, చివరి ‘ట్’ కూడా సగం మింగేస్తారు. మరి తేడా ఎలా తెలుస్తుంది? ఊనికతో. ‘ఐ కెన్ గో’లో ‘కెన్’ దాదాపు ‘క్న్’ అయిపోయి ఒత్తు ‘గో’ మీద పడుతుంది. ‘వెళ్ళలేను’ అన్నప్పుడు ‘క్యాన్ట్’ నిండుగా పలుకుతుంది. మనం ‘ఐ క్యాన్ కమ్ టుమారో’ అని ప్రతి మాటా సమానంగా ఒత్తి పలుకుతాం. డల్లాస్‌లో ఫోన్‌కి అవతలున్న మనిషికి అది ‘రాలేను’ అని వినపడే ప్రమాదం ఉంది. మందు ఏమిటంటే, అవునన్నప్పుడు ‘క్న్’ అని తేల్చెయ్యండి, కాదన్నప్పుడు ‘కెనాట్’ అని పూర్తిగా అనండి. ఏ దేశంలోనైనా చెల్లుతుంది.

మాటల్లో ముంచేవి ఇంకా ఉన్నాయి. మీటింగులో ఒక అంశాన్ని ‘టేబుల్’ చేద్దాం అంటే బ్రిటన్‌లో ఇప్పుడే చర్చకి పెడదామని, అమెరికాలో పక్కన పెడదామని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ రాశాడు. ‘క్వైట్ గుడ్’ అమెరికన్ నోట మెప్పు, ఇంగ్లీషువాడి నోట చాలాసార్లు ‘ఏదోలే, పరవాలేదు’. ‘హాఫ్ టెన్’ అంటే బ్రిటన్‌లో పదిన్నర, తొమ్మిదిన్నర కాదు. ‘యూ ఆల్‌రైట్?’ అంటే పలకరింపు, ఒంట్లో బాగాలేనట్టు కనిపిస్తున్నానా అని కంగారు పడక్కర్లేదు, ‘ఆల్‌రైట్’ అని తిరిగి అంటే చాలు. ‘పాంట్స్’ బ్రిటన్‌లో లోదుస్తులు, ‘వెస్ట్’ అక్కడ బనియను, అమెరికాలో కోటు లోపలి చేతుల్లేని చొక్కా. మనం బళ్ళో వాడే ‘రబ్బరు’ని అమెరికాలో ఆ పేరుతో అడిగితే కండోమ్ అడిగినట్టు. ‘2019లో పాస్ అవుట్ అయ్యాను’ అని రెజ్యూమెలో రాసేవాళ్ళు గమనించాలి. బ్రిటన్‌లో ఆ మాట సైనిక, పోలీసు శిక్షణ పూర్తయినవాళ్ళకి నప్పుతుంది, అమెరికాలో స్పృహతప్పి పడిపోయారని అర్థం. ‘గ్రాడ్యుయేటెడ్’ అని రాయండి.

రేఫ:
దాచుకోవడం అంటే గుర్తొచ్చింది. మనమూ తక్కువ తినలేదు. కారు వెనక సామాన్ల పెట్టెని ‘డిక్కీ’ అంటాం. బ్రిటన్‌లో ‘బూట్’, అమెరికాలో ‘ట్రంక్’, మన మాట రెండు చోట్లా అర్థం కాదు. పాతకాలపు బళ్ళకి వెనకుండే సీటు పేరది. ‘స్టెప్నీ’ వేల్స్‌లోని లనెల్లీ ఊళ్ళో ఒక వీధి పేరు, అక్కడ అదనపు చక్రాలు తయారయ్యేవి. ఇవాళ లండన్‌లో స్టెప్నీ అంటే ఒక పేట గుర్తొస్తుంది, చక్రం కాదు. వలసపోయిన చోట పాతమాట బతకడం అమెరికాకే పరిమితం కాదు.

అచ్చుతప్పు:
ఇంత చెప్పినా ఒకటి మిగిలే ఉంది. నేర్పడానికి ఏదో ఒక కొలబద్ద కావాలిగా. బీబీసీ ఇంగ్లీషుని పెట్టుకుంటే నష్టమేంటి?

పలుకుబడి:
ఏ సంవత్సరపు బీబీసీ? 1926లో ఉచ్చారణ తేల్చడానికి వాళ్ళు ఒక సలహా సంఘం వేశారు, కవి రాబర్ట్ బ్రిడ్జెస్ అధ్యక్షుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యార్క్‌షైర్ పలుకున్న విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత వార్తలు చదివించిందీ ఆ బీబీసీయే. ఇప్పుడు వింటే స్కాట్, వెల్ష్, ఉత్తర ఇంగ్లాండు గొంతులన్నీ ఉన్నాయి. అంతెందుకు, ఎలిజబెత్ రాణి క్రిస్మస్ ప్రసంగాల్లో 1950ల నాటి అచ్చులకీ 1980ల నాటి వాటికీ తేడా వచ్చిందని ధ్వనిశాస్త్రజ్ఞుడు జొనాథన్ హారింగ్టన్ బృందం కొలిచి 2000లో ప్రచురించింది. రాణీగారే కొలబద్ద మీద నిలవలేదు.

ఐఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళకి ఒక మాట. స్పీకింగ్‌లో ఉచ్చారణకి నాలుగో వంతు మార్కులు, కానీ అడిగేది ఏ దేశపు యాక్సెంట్ అని కాదు, ఎదుటివాడికి తేలిగ్గా అర్థమవుతోందా అని. స్పెల్లింగు ఏ పద్ధతైనా సరే, ఒకే వ్యాసంలో కలగాపులగం చేయకండి. ‘ర్’ గురించి తలకొట్టుకునే సమయం వీటికి పెట్టండి. మాట మొదట్లో ‘ప, ట, క’లకి ఇంగ్లీషులో గాలి ఊదు ఉంటుంది. పెదాల ముందు సన్నటి కాగితం పట్టుకుని ‘పిన్’ అనండి, కాగితం కదలకపోతే వాళ్ళకి ‘బిన్’లా వినిపిస్తుంది. ‘వి’కి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, ‘డబ్ల్యు’కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. ‘ఎవ్రీ’ని ‘యెవ్రీ’ అనీ ‘ఓన్లీ’ని ‘వోన్లీ’ అనీ అనడం మన యడాగమ, వడాగమాల అలవాటు. అద్దంలో చూసుకుంటూ మాటని నేరుగా అచ్చుతో ఎత్తుకోవడం సాధన చేస్తే వదులుతుంది. ఇవి దిద్దుకుంటే లండన్‌లోనూ పనికొస్తాయి, న్యూజెర్సీలోనూ పనికొస్తాయి.

అచ్చుతప్పు:
‘అసలు’, ‘చెడిన’ అన్న రెండు మాటలూ వెనక్కి తీసుకుంటున్నా. కానీ ‘ఐ కుడ్ కేర్ లెస్’ని మాత్రం ఈ జన్మలో ఒప్పుకోను. నాకు పట్టింపు లేదని చెప్పడానికి బ్రిటిష్ వాడు ‘కుడంట్ కేర్ లెస్’ అంటాడు, ఇంతకన్నా తక్కువ పట్టించుకోలేను అని. అందులో అర్థముంది. ‘కుడంట్’ తీసేసి ‘కుడ్’ పెడితే ఇంకా కాస్త పట్టింపు మిగిలే ఉందనేగా? అమెరికావాడు ఉన్నదానికి సరిగ్గా ఉల్టా చెబుతున్నాడు.

గట్టుమీద:
బయల్దేరేటప్పుడు ‘వస్తానండీ’ అనే భాషలో కూర్చుని తర్కం అడుగుతున్నారా? సరే, వస్తానండీ.